గోదారి మీద లైటు, నెత్తిన శాటిలైట్: మూడేళ్ల వాడకం తర్వాత

ఆఫీసు నరసాపురంలో, రొయ్యల చెరువులు వశిష్ఠ దాటాక సఖినేటిపల్లి వైపు. చెరువుల దగ్గర మొబైల్ సిగ్నల్ మాట్లాడుకోవడానికే బొటాబొటి. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ వాళ్ల ‘ఎక్స్’ ల్యాబ్‌తో కలిసి, తీగ లేకుండా వెలుగు కిరణంతో ఇంటర్నెట్ మోసే 2,000 లైటు లింకులు పెడతామని ప్రకటించినప్పుడే నాకు ఆశ పుట్టింది. మూడేళ్ల కిందట ఆఫీసు మేడ మీద ఒకటి, చెరువు షెడ్డు మీద ఒకటి లైటు పెట్టెలు బిగించాను. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కిరణం గోదారి దాటుతుంది. అది ఆగితే ఆదుకోవడానికి షెడ్డు దగ్గర శాటిలైట్ డిష్.

మామూలు రోజుల్లో లైటుకు వంక పెట్టలేం. పింగ్, అంటే సందేశం వెళ్లి జవాబు తిరిగొచ్చే సమయం, రెండు మూడు మిల్లీసెకన్లు. కెమెరాలు, నీటిలో ఆక్సిజన్ కొలిచే డీఓ సెన్సర్లు, బిల్లులు అన్నీ హాయిగా నడుస్తాయి.

తంటా అంతా ధనుర్మాసంలో. తెల్లవారుజామున మంచు దిగితే రేవులో ఏరు దాటించే పంటే కనపడదు, ఇక కిరణం ఏం దాటుతుంది? చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేదీ సరిగ్గా ఆ వేళకే. మొదటి చలికాలం లైటు ఆగగానే మొత్తం ట్రాఫిక్ 2 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న శాటిలైట్ మీద పడింది. అది దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి ఖాళీగా ఉన్నా పింగ్ 600 మిల్లీసెకన్ల పైనే. కెమెరాల వీడియో మోడెమ్‌లో క్యూ కట్టేసరికి పింగ్ 5 సెకన్లకు పోయింది. పంటు మీదికి లారీలన్నీ ముందే ఎక్కేస్తే అంబులెన్స్ రేవులోనే ఉండిపోయినట్టు. డీఓ పడిపోయిందన్న మెసేజ్ నాకు అందేసరికి చెరువు మీద కుర్రాడు నీటికి గాలి పట్టించే ఏరేటర్లు వేసేసి, ‘ఏమండీ, పడుకున్నారా?’ అని ఫోన్ చేశాడు.

అమ్మినాయన ప్లాను పెంచుకోమన్నాడు. పెంచాను, కెమెరాలు అదీ మింగేశాయి. రెండు దారులూ కలిపి వాడదామని డేటా ప్యాకెట్లను చెరిసగం పంచి చూశాను. ఒకటి క్షణంలో, ఇంకొకటి అర సెకను తర్వాత వస్తుంటే, దారిలో పోయాయనుకుని, డేటా పంపే వేగాన్ని చూసుకునే టీసీపీ వేగం తగ్గించేసింది. మూడు రోజుల్లో తీసేశాను.

చివరికి పనిచేసింది ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించిన చిన్న రౌటర్, అందులో క్యూను అదుపు చేసే ‘కేక్’ సెట్టింగ్. శాటిలైట్ అప్‌లోడ్‌ని 1.7 ఎంబీపీఎస్ దగ్గర ఆపాను. దాంతో క్యూ మోడెమ్‌లో కాకుండా నా చేతిలో ఉంటుంది. ముందు సెన్సర్లు, తర్వాత బిల్లులు. శాటిలైట్ మీద ఉన్నంతసేపూ కెమెరాలకు నిమిషానికో ఫొటో, అంతే. మంచు విడిపోయేటప్పుడు లైటు వస్తూ పోతూ ఉంటుంది కనుక, పది నిమిషాలు నిలకడగా ఉంటేనే మళ్లీ దాని మీదికి మారమన్నాను. అప్పటి నుంచి శాటిలైట్ మీద కూడా పింగ్ 700 దాటడం అరుదు.

వర్షంలో కథ తిరగబడుతుంది. మా డిష్ వాడే కేయూ బ్యాండ్ రేడియో తరంగాలను గట్టి వాన ఆపేస్తుంది, లైటు చాలావరకు తట్టుకుంటుంది. తుపానుకు మాత్రం రెండూ పోతాయి, స్తంభం ఊగి గురి కూడా తప్పుతుంది.

ఉప్పుగాలికి అద్దం మీద పొర కడుతుంది, వారానికోసారి తుడవాలి. రెండో ఏడు గాలి వేసినప్పుడల్లా లింకు తెగుతుంటే వారం బుర్ర బద్దలు కొట్టుకున్నాను. తీరా చూస్తే పక్క తోటలో కొబ్బరిచెట్టు ఎదిగి మట్ట అడ్డొస్తోంది. దింపు తీసే మనిషితో కొట్టించాను. తోట ఆయన ఇప్పటికీ ‘ఏదయ్యా నీ లైటు, నాకు కనపడదే’ అంటాడు.

లైటు పెట్టె మళ్లీ కొనమన్నా కొంటాను. శాటిలైట్ మాత్రం పాత చిన్న ప్లానుకే మార్చేశాను.