టోస్కా: 1953 మోనో, 1962 స్టీరియో, 1964 కల్లాస్ – ఏది మేలు?

ఆపెరా రికార్డులు సేకరించడం మొదలుపెట్టినవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. ఇటలీ స్వరకర్త పుచ్చీని రాసిన ఆపెరా (పాటగా నడిచే నాటకం) ‘టోస్కా’కు ఇంట్లో ఒక్కటే రికార్డింగు ఉంచుకోవాలంటే ఏది ఉంచుకోవాలి? గాయని మరియా కల్లాస్ 1953లో విత్తోరియో డె సబాతా కండక్టరుగా (వాద్యబృందాన్నీ గాయకులనూ నడిపించేవారు) ఉండగా పాడిన మోనో (ధ్వని అంతా ఒకే మార్గంలో వచ్చే) రికార్డింగా, గాయని లియొంటీన్ ప్రైస్ 1962లో కండక్టరు కరయాన్‌తో చేసిన స్టీరియో (ధ్వని కుడిఎడమలుగా విడిపడే) రికార్డింగా, లేక కల్లాసే 1964 డిసెంబరు, 1965 జనవరి నెలల్లో పారిస్‌లో కండక్టరు జార్జ్ ప్రెత్ర్‌తో మళ్ళీ పాడినదా? కథ తెలియనివారికి ఒక్క మాటలో: రోమ్ పోలీసు అధిపతి స్కార్పియా, గాయని టోస్కాను లొంగదీసుకోవడానికి ఆమె ప్రియుడైన చిత్రకారుడు కవరదోస్సిని చిత్రహింస పెట్టిస్తాడు; చివరికి ఆమె స్కార్పియాను చంపుతుంది.

ఈ మూడింటినీ పోల్చేటప్పుడు చాలామంది అనుసరించే పద్ధతి నాకు సరైనదిగా తోచదు. ఒక్కొక్క రికార్డింగు నుంచి టోస్కా పాడే ‘విస్సి దార్తె’ను, కవరదోస్సి పాడే ‘ఎ లూచెవాన్ లె స్టెల్లె’ను వరుసగా పెట్టుకొని విని, ఎవరి గొంతు ఎక్కువ నచ్చితే ఆ పెట్టెను కొంటారు. ఆ రెండు ఆరియాలూ (ఒక్కరే పాడే పాటలు) కలిపినా ఏడెనిమిది నిమిషాలకు మించవు. రెండు గంటలకు కాస్త తక్కువగా సాగే ఈ ఆపెరాలో మిగిలినదంతా బెదిరింపులు, బేరాలు, అనుమానాలు, అబద్ధాలతో నడిచే సంభాషణ. రెండవ అంకంలో, ఫార్నేసె భవనంలో, స్కార్పియా భోజనపు బల్ల దగ్గర టోస్కాకూ అతనికీ మధ్య జరిగే మాటల యుద్ధమే ఈ నాటకానికి గుండెకాయ. అక్కడ ఏ రికార్డింగు నిలబడుతుందో చూసి తేల్చుకోవాలి. ఆరియాలు బాగా పాడినవారు చాలామంది ఉన్నారు. ఆ సంభాషణను నడిపించగలిగినవారు చాలా తక్కువ.

ఈ కొలమానం తెలుగు శ్రోతలకు కొత్త కాదు. హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీను పద్యాలను గ్రామఫోన్ ప్లేట్ల మీద విన్న తరానికి రంగస్థలమూ తెరలూ కనబడలేదు. వినబడినది గొంతు ఒక్కటే, నటన అంతా ఆ గొంతులోనే ఉండేది. రాగం ఎంత దూరం సాగదీసినా, పద్యం చివర మాటలోని దుఃఖం తగలకపోతే ఆ శ్రోతలు ఒప్పుకొనేవారు కాదు. మనలో చాలామందికి ‘టోస్కా’ను ఆపెరా భవనంలో చూసే అవకాశం రాదు. మన నాటకశాల ఆ రికార్డింగే కనుక, గొంతుతో నటించగలిగినవారినే మనం వెతుక్కోవాలి.

1953 ఆగస్టులో మిలాన్‌లోని లా స్కాలా ఆపెరా భవనంలో మొదటి కల్లాస్ రికార్డింగు జరిగినప్పుడు కల్లాస్‌కు ముప్పై ఏళ్ళు నిండలేదు. కవరదోస్సిగా జుసెప్పె డి స్టెఫానో, స్కార్పియాగా టీటో గోబ్బి పాడారు. నిర్మాత వాల్టర్ లెగ్. మొదటి అంకంలో స్కార్పియా పాడవలసినదంతా గోబ్బి చేత ముప్పై సార్లు పాడించామని, ఒక్కొక్క అక్షరం మీద కూడా రంగు మార్చి చూశామని లెగ్ తర్వాతి కాలంలో రాశారు. ఆ శ్రమ ఫలితం ప్రతి వాక్యంలోనూ వినబడుతుంది. గోబ్బి స్కార్పియా గట్టిగా అరవవలసిన చోట్ల కంటే మెత్తగా మాట్లాడే చోట్లే ఎక్కువ భయపెడతాడు. పెద్దమనిషి మర్యాదలన్నీ ఆ గొంతులో ఉంటాయి. వాటి అడుగున ఉన్న క్రౌర్యం ఒకటి రెండు హల్లుల ఒత్తిడిలో మాత్రమే బయటపడుతుంది.

ఒక్క చోటు మాత్రం తప్పక శ్రద్ధగా వినమని కోరుతాను. చిత్రహింసకు గురైన ప్రియుడిని విడిపించడానికి ఎంత కావాలని టోస్కా అడిగే ఘట్టం అది. ఆమె “క్వాంతో?” అంటుంది. స్కార్పియా నవ్వుతూ అదే మాటను తిరిగి అంటాడు. ఆమె “ఇల్ ప్రెత్సో!” అని తేల్చి చెబుతుంది. ‘ఎంత?’, ‘ఎంత?’, ‘వెల!’ – సంభాషణ మొత్తం ఇంతే. ఇందులో రాగమంటూ ఏమీ లేదు, గొంతు గొప్పతనం చూపించుకొనే చోటు అసలే లేదు. కల్లాస్ మొదటి మాటను దాదాపు పలికినట్టుగా, అసహ్యాన్ని పళ్ళ బిగువున ఆపుకొంటూ అంటుంది. రెండవ మాటకు వచ్చేసరికి లంచగొండి అధికారి ముందు నిలబడిన మనిషి తిరస్కారమంతా అందులో ఉంటుంది. హత్య తర్వాత వచ్చే “ఎ అవాంతి అ లూయి త్రెమావ తుత్త రోమా” అన్న వాక్యమూ ఇలాంటిదే. రోమ్ నగరమంతా ఇతని ముందే వణికిపోయేదా అని శవాన్ని చూస్తూ అనుకొనే ఆ మాటలను పుచ్చీని ఒకే మంద్ర స్వరం మీద రాశారు. చాలామంది సొప్రానోలు (హెచ్చు స్థాయి స్త్రీ గాయనులు) దానిని రంగస్థలపు గర్జనగా మార్చివేస్తారు. కల్లాస్ గొంతులో మాత్రం గెలుపు కంటే ఆశ్చర్యమే ఎక్కువగా వినబడుతుంది, అందుకే నాకు ప్రతిసారీ వెన్ను జలదరిస్తుంది.

ఇంత సూక్ష్మంగా గాయకులు మాట్లాడగలగడానికి డె సబాతాయే కారణమని నా నమ్మకం. స్టూడియోలో ఆయన పూర్తిగా రికార్డు చేసిన ఆపెరా ఇదొక్కటే. కొద్ది వారాలకే గుండెపోటు వచ్చి, ఆ తర్వాత ఆయన వేదికకు దాదాపు దూరమయ్యారు. లయను ఆయన సాగదీస్తారు, బిగిస్తారు, మాట కోసం ఆగుతారు, అయినా ఎక్కడా నడక తప్పదు. 1962 రికార్డింగుకు నిర్మాతగా ఉన్న జాన్ కల్షా ఈ విషయంలో ఒక సాక్ష్యం వదిలివెళ్ళారు. వియన్నాలో పని జరుగుతున్నప్పుడు, మూడవ అంకంలో టోస్కా ప్రవేశించే క్లిష్టమైన చోట డె సబాతా ఏం చేశారో తెలుసుకోవడానికి కరయాన్ ఆ పాత రికార్డును పదే పదే పెట్టించుకొని విన్నారట. చివరికి ఆయన చేసినదే సరైనదని, కానీ తాను అలా చేయలేనని, అది ఆయన రహస్యమని ఒప్పుకొన్నారట. ప్రత్యర్థి రికార్డింగు కండక్టరే ఇచ్చిన ఈ తీర్పు కంటే పెద్ద ప్రశంస నాకు తెలియదు.

అయితే మోనో వల్ల వచ్చే నష్టం చిన్నదని చెప్పడం న్యాయం కాదు. మొదటి అంకం చివర చర్చిలో సాగే ‘తె దేఉమ్’ స్తోత్ర ఘట్టంలో గంటలు, ఫిరంగి, ఆర్గన్, గాయకబృందం, వాటన్నిటి మీద స్కార్పియా గొంతు కలిసినప్పుడు 1953 టేపు ఇరుకుగా మూసుకుపోతుంది. మూడవ అంకం ప్రారంభంలో తెల్లవారుజామున రోమ్ చర్చిల గంటలు కొన్ని దగ్గరగా, కొన్ని దూరంగా మోగాలి. సెయింట్ పీటర్స్ పెద్ద గంట స్థాయిని విచారించి మరీ స్వరంలో పెట్టిన పుచ్చీని శ్రమ మోనోలో సగమే దక్కుతుంది. రెండవ అంకంలో పక్కగది నుంచి వచ్చే కవరదోస్సి కేకలకూ ఇదే పరిమితి వర్తిస్తుంది.

ఆ నష్టాన్ని పూర్తిగా తీర్చేది 1962 రికార్డింగు. వియన్నాలోని సోఫియెన్‌సాల్ సభాభవనంలో డెక్కా రికార్డింగు సంస్థ బృందం చేసిన ఈ పని నేటికీ వినసొంపుగా ఉంటుంది. వియన్నా ఫిల్హార్మోనిక్ తీగవాద్యాల నిగారింపు, ‘తె దేఉమ్’లో పొరలు పొరలుగా పేరుకొనే శబ్దం, తెల్లవారుజాము గంటల మధ్య దూరం అన్నీ స్పష్టంగా తెలుస్తాయి. ప్రైస్ గొంతు సౌందర్యం విషయంలో కల్లాస్ కంటే మిన్న అని నిస్సంకోచంగా చెబుతాను. ‘విస్సి దార్తె’ ఒక్కటే ప్రమాణమైతే ఈ పోటీ ఇక్కడే ముగిసేది. జుసెప్పె తద్దేయి స్కార్పియా కూడా సామాన్యుడు కాదు: గోబ్బి కంటే గొంతు నిండుగా ఉంటుంది, లాలన నుంచి మోటుతనానికి క్షణంలో మారుతుంది. ఇక్కడా కవరదోస్సిగా పాడిన డి స్టెఫానో గొంతులో మాత్రం తొమ్మిదేళ్ళ అరుగుదల పై స్వరాల దగ్గర దాగదు. నాకు అసలు అభ్యంతరం కరయాన్ తీసుకొన్న నెమ్మది మీద. వాద్యబృందం అందాన్ని చూపించడానికి ఆయన ఆగే చోట్ల సంభాషణ కూడా ఆగుతుంది. ఆ ‘క్వాంతో?’ దగ్గర ప్రైస్ పాడుతున్నదని తెలుస్తుంది, బేరమాడుతున్నదని తెలియదు.

1964 నాటి కల్లాస్ రికార్డింగును కొందరు మధ్యేమార్గంగా సూచిస్తారు: అదే కల్లాస్, అదే గోబ్బి, పైగా స్టీరియో. దీనితో నేను ఏకీభవించలేను. కల్లాస్ పై స్వరాలు అప్పటికి వణుకుతున్నాయి, కొన్నిచోట్ల వినడమే కష్టమవుతుంది. గోబ్బి మాట నేర్పు చెక్కుచెదరలేదు, కార్లో బెర్గోంజి కవరదోస్సిని ఎంతో సంస్కారంతో పాడారు, కాని ప్రెత్ర్ చేతిలో లయ డె సబాతా దగ్గర ఉన్నంత ప్రాణంతో లేదు. కల్లాస్ చివరిసారిగా ఆపెరా వేదిక మీద పాడినదీ ‘టోస్కా’యే, 1965 జూలై 5న లండన్ కోవెంట్ గార్డెన్ ఆపెరా భవనంలో. ఆ కాలపు ఆమెను తెలుసుకోవాలంటే ఈ పారిస్ రికార్డింగు కంటే, అదే కోవెంట్ గార్డెన్‌లో 1964 ఫిబ్రవరిలో గోబ్బితో కలిసి నటించగా చిత్రీకరించిన రెండవ అంకం దృశ్యాన్ని చూడడం మంచిది. అందులో చేతులూ కళ్ళూ కూడా పాడతాయి.

మిగిలినవాటి గురించి క్లుప్తంగా చెబుతాను. 1957లో కండక్టరు లైన్స్‌డోర్ఫ్ నడిపించినది గాయకుడు బ్యోర్లింగ్ గొంతు కోసం కొనవచ్చు. 1959 నాటి గాయని తెబాల్ది రికార్డింగు ఆమె అభిమానులకు. ముంబైలో పుట్టిన కండక్టరు జుబిన్ మెహతా 1972లో ప్రైస్, డొమింగో, మిల్న్స్‌లతో చేసినది గట్టిదే కాని, ప్రైస్‌ను వినాలంటే 1962 ఉండగా దాని అవసరం తక్కువ. కండక్టరు కోలిన్ డేవిస్ 1976లో చేసినది కబయ్యే, కరేరాస్ గొంతులతో మధురంగా ఉంటుంది, కాని అందులో స్కార్పియా పాత్ర బలహీనంగా వినబడుతుంది.

1953ను ఎంచుకొన్నాక ఏ ముద్రణ అన్నది మిగులుతుంది. మన దేశంలో ధ్వని రికార్డింగుల హక్కుల కాలం 60 ఏళ్ళు కనుక 2014 నుంచి ఇది ఇక్కడ ఎవరైనా విడుదల చేయగలిగినదే. అందువల్ల ఊరూ పేరూ లేని సంచికలు స్ట్రీమింగులో కోకొల్లలుగా ఉన్నాయి. వాటిలో కొన్ని గీతల శబ్దంతో పాటు గొంతులోని ఊపిరిని కూడా తుడిచివేశాయి. ఈ రికార్డింగు విలువంతా మాటలోని సూక్ష్మత మీద ఆధారపడి ఉన్నప్పుడు ఆ తుడుపు క్షమించరానిది. 2014లో వార్నర్ సంస్థ కల్లాస్ స్టూడియో రికార్డింగులన్నిటినీ లండన్ అబీ రోడ్ స్టూడియోలో మూల టేపుల నుంచి రీమాస్టర్ చేసి 69 సీడీల పెట్టెగా తెచ్చింది. విడిగా దొరికే అందులోని ‘టోస్కా’ నా ఎంపిక. ఎల్పీల నుంచి తీసిన నాక్సోస్ సంచిక చౌకైనది, నిజాయితీగా చేసినది, కాస్త వెచ్చగా వినబడుతుంది. తొలినాటి ఎల్పీలు రెండు డిస్కుల్లో వచ్చాయి. మంచి స్థితిలో దొరికితే ఆనందమే కాని, మాటలు గరగరలాడే అరిగిన ప్రతికి ఎక్కువ వెల పెట్టవద్దు. స్ట్రీమింగులో వినేవారు రీమాస్టర్ సంవత్సరాన్ని చూసి ఎంచుకోవాలి. ట్రాకుకూ ట్రాకుకూ మధ్య విరామం లేకుండా నడిచే సదుపాయాన్ని తప్పక పెట్టుకోవాలి. ట్రాకు మారే ప్రతిచోటా అర క్షణం నిశ్శబ్దం వస్తే, డె సబాతా కట్టిన ఆ రెండవ అంకం ముక్కలవుతుంది.