ఎడిసన్ మేయరు, ప్లెయిన్స్‌బరో మేయరు

రెండూ న్యూజెర్సీ మిడిల్‌సెక్స్ కౌంటీలో మనవాళ్లు బాగా ఉన్న టౌన్‌షిప్‌లే. ఎడిసన్‌లో మేయర్ని జనమే నేరుగా 4 ఏళ్లకు ఎన్నుకుంటారు. బడ్జెట్ తయారుచేసేది, శాఖలను నడిపేది మేయరే. 7గురి కౌన్సిల్ చేసిన ఆర్డినెన్స్ (అంటే ఊరి చట్టం) నచ్చకపోతే వీటో చేయొచ్చు. దాన్ని కాదనాలంటే కౌన్సిల్లో మూడింట రెండొంతుల మంది, అంటే ఐదుగురు కలవాలి.

ప్లెయిన్స్‌బరోలో ఇంత హడావుడి లేదు. 5గురి కమిటీ, ఒక్కొక్కరికి 3 ఏళ్ల పదవి. జనవరి మీటింగులో తమలో ఒకరిని మేయరుగా ఎంచుకుంటారు, అంతే. వీటో లేదు, అందరిలాగే ఒక్క ఓటు. రోజువారీ పనులు అడ్మినిస్ట్రేటర్ చూస్తారు.

చిన్న ఊరికి ఇదే నయమని నా లెక్క. కాకపోతే రోడ్డు మీద గుంత పడితే ఎవర్ని నిలదీయాలో ఎడిసన్‌లోనే తేలిగ్గా తెలుస్తుంది. ప్రాపర్టీ టాక్స్ విషయంలో మాత్రం ఏ మేయర్నీ తిట్టి లాభం లేదు: అందులో పెద్ద వాటా స్కూళ్లది, వాటిని చూసే స్కూల్ బోర్డు వేరు.