బరువు తగ్గిస్తామని గుండె గోలీలు మాన్పిస్తున్నారు, హన్మకొండ కాజీపేటవాళ్లు జాగ్రత్త

తీరిక లేనివాళ్లు ఈ ఒక్క పేరా చదివినా చాలు. గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లకు, బీపీ గోలీలు వేసుకునేవాళ్లకు "అవి ఆపితేనే మెటబాలిజం (ఒంట్లో శక్తి ఖర్చయ్యే తీరు) లేస్తది" అని చెప్పి పౌడర్ డబ్బాలు అమ్ముతున్న వెల్‌నెస్ సెంటర్ ఒకటి మన హన్మకొండలో నడుస్తోంది. ఆ మాట నమ్మిన మా అక్క ఈమధ్య ఒక రాత్రి ఎమర్జెన్సీ వార్డులో పడింది. ప్రాణం దక్కింది. మీ ఇంట్లో ఎవరైనా అలాంటి చోటికి పోతుంటే ఈ రోజే అడగండి, గోలీలు వేసుకుంటున్నారా లేదా అని.

కేసు వేస్తున్నాం కాబట్టి సెంటర్ పేరు రాయడం లేదు. పొద్దున వడ్డేపల్లి చెరువు కట్ట మీద, భద్రకాళి బండ్ మీద నడిచేవాళ్లకు ఎవరి గురించి చెప్తున్నానో అర్థమవుతుంది. టేబుల్ వేసుకుని, ఉచితంగా బాడీ చెకప్ అని పిలుస్తారు. పాంప్లెట్ చేతిలో పెడతారు. మర్నాడు ఫోన్ వస్తుంది.

మా అక్కకు 52 ఏళ్లు. కాజీపేటలో ఉంటారు, బావది రైల్వే ఉద్యోగం. స్టెంట్ పడి ఏడాది కూడా కాలేదు. గుండె డాక్టర్ బరువు తగ్గమన్నారు, మోకాళ్ల నొప్పితో ఎక్కువ నడవలేకపోతోంది, మళ్లీ అటాక్ వస్తుందేమో అని ఎప్పుడూ టెన్షన్. అలాంటి మనిషికి ఆ టేబుల్ దగ్గర ఒక మిషన్ చేతికిచ్చి, "నీ మెటబాలిక్ ఏజ్ 68 అక్కా" అన్నారు. ఆ అంకె చూసి ఆమె రెండు రోజులు సరిగ్గా నిద్రపోలేదు.

ఆ మిషన్ చేసేది ఇంతే. ఒంట్లోకి చాలా చిన్న కరెంటు పంపిస్తుంది. నీళ్లున్న కండలోంచి కరెంటు తేలిగ్గా పోతుంది, కొవ్వు అడ్డుకుంటుంది. ఆ తేడాకు మన ఎత్తు, బరువు, వయసు కలిపి కొవ్వు ఇంత ఉండొచ్చని ఒక అంచనా వేస్తుంది. నీళ్లు తాగి నిలబడితే ఒక లెక్క, తాగకుండా నిలబడితే ఇంకో లెక్క వస్తుంది. "మెటబాలిక్ ఏజ్" అనేది దాని మీద కంపెనీవాళ్లు కట్టిన అంకె. ఏ గుండె డాక్టరూ దాన్ని చూసి మందు రాయడు. నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను కాబట్టి ఈ మాత్రం తెలుసు. అక్క నన్ను అడగలేదు, అప్పటికే ప్యాకేజీ కట్టేసింది. 28,500 రూపాయలు. సగం నగదు, సగం ఎవరిదో సొంత నంబర్‌కు ఫోన్‌పే. రసీదు మీద సంస్థ ముద్ర కూడా లేదు.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఆ పాంప్లెట్. అందులో రాసిన పరిశోధనలు చాలావరకు నిజంగా జరిగినవే. వాటిని వాడుకున్న తీరే అన్యాయం.

"35 దాటితే మెటబాలిజం పడిపోతుంది, సైన్స్ నిరూపించింది" అని పెద్ద అక్షరాల్లో ఉంది. 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనం చెప్పింది దీనికి పూర్తి వ్యతిరేకం. 29 దేశాల్లో 6,400 మందికి పైగా, వారం దాటిన పసిపిల్లల నుంచి 95 ఏళ్ల ముసలివాళ్ల దాకా ఒంట్లో ఎంత శక్తి ఖర్చవుతోందో అందులో కొలిచారు. శరీరం పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుని చూస్తే 20 ఏళ్ల నుంచి 60 ఏళ్ల దాకా ఆ ఖర్చు దాదాపు ఒకేలా ఉంది. తగ్గడం మొదలయ్యేది 60 దాటాకే, అదీ ఏడాదికి ఒక శాతం కన్నా తక్కువ. 52 ఏళ్ల మా అక్కకు 68 అని చెప్పి భయపెట్టినవాళ్లు ఆమెకు చూపించిన సైన్స్ ఇది.

ఇంకొకటి. "17,604 మంది మీద పరిశోధన, గుండెపోటు ముప్పు 20 శాతం తగ్గింది" అని రాసి, దాని కిందే తమ పౌడర్ డబ్బా బొమ్మ వేశారు. ఆ అధ్యయనం జరిగింది, 2023లో ఫలితాలు కూడా వచ్చాయి. అయితే అది సెమాగ్లూటైడ్ అనే ఇంజెక్షన్ మీద జరిగింది. డాక్టర్ చీటీ లేకుండా కొనకూడని మందు అది. అందులో చేరినవాళ్లు అప్పటికే గుండెజబ్బు ఉన్నవాళ్లు, వాళ్లలో ఎక్కువమంది కొలెస్ట్రాల్ మందు, రక్తం గడ్డకట్టకుండా వాడే మందు వేసుకుంటూనే ఈ ఇంజెక్షన్ తీసుకున్నారు. ఆ అంకెను తెచ్చి చాక్లెట్ వాసన పౌడర్ కింద అంటించి, ఆ గోలీలే ఆపమని చెప్పడానికి ఎంత ధైర్యం ఉండాలి!

షేక్‌లతో షుగర్ పోతుందని మూడోది. బ్రిటన్‌లో 306 మందితో జరిగిన పరీక్ష 2017లో అచ్చయింది. భోజనం బదులు షేక్‌లతో డైట్ చేసిన వర్గంలో ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి షుగర్ మందుల అవసరం లేని స్థాయికి వచ్చింది. మంచి ఫలితమే, కాదనను. అక్కడ ఏ మందు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో చూసుకున్నది డాక్టర్లు, నర్సులు. ఇక్కడ చూసుకున్నది అక్కకు కోచ్ అని పెట్టిన అమ్మాయి, నిరుడు చీరల షాపులో పనిచేసింది. ఆ అమ్మాయి పాత పనిని తక్కువ చేయడం లేదు, ఆమెకు తెల్లకోటు తొడిగి గుండె రోగుల ముందు కూర్చోబెట్టినవాళ్ల గురించే అంటున్నాను.

మొదట్లో అక్క బరువు తగ్గింది, అందుకే గట్టిగా నమ్మింది. అన్నం మానేస్తే ఎవరికైనా మొదట తగ్గేది ఎక్కువగా నీరే. కాలేయంలో, కండల్లో దాచుకున్న గ్లైకోజన్ అనే చక్కెర నిల్వ ఖర్చవుతుంది, ప్రతి గ్రాము గ్లైకోజన్ తనతో దాదాపు మూడు గ్రాముల నీళ్లు పట్టుకుని ఉంటుంది, అది కూడా పోతుంది. కాటా మీద కిలోలు దిగుతాయి. ఆ సంబరంలో ఉండగానే కోచ్ గోలీల మాట ఎత్తింది. కొలెస్ట్రాల్ గోలీ మెటబాలిజాన్ని చంపుతుందట. 1994లోనే 4,444 మంది గుండె రోగుల మీద ఐదేళ్లకు పైగా చూసి, సిమ్వాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ గోలీ వేసుకున్నవాళ్లలో మరణాలు 30 శాతం తగ్గాయని తేల్చారు. రక్తం పలచబడే గోలీ వల్ల నీరసం వస్తుందట, అదీ ఆపమంది. అది క్లోపిడోగ్రెల్. కొత్త స్టెంట్ ఉన్న రక్తనాళంలో గడ్డ కట్టకుండా కాపలా ఉండే గోలీ. డాక్టర్‌ను అడగకుండా దాన్ని ఆపితే స్టెంట్ మూసుకుపోయి మనిషి పోవచ్చు. వాటి బదులు పేరు, తయారీ తేదీ, ఏమీ లేని ప్లాస్టిక్ కవర్‌లో "ఫ్యాట్ బర్నర్" క్యాప్సూల్స్ ఇచ్చారు.

ఇక ఆ రాత్రి సంగతి. అక్క ఫోన్లో కాల్స్ వాటంతట అవే రికార్డ్ అవుతాయి. రాత్రి పదకొండు దాటాక ఆమె మొదట ఫోన్ చేసింది బావకు కాదు, నాకు కాదు, ఆ కోచ్‌కు. బావ నైట్ డ్యూటీలో ఉన్నాడు. ఆ రికార్డింగ్ నేను చాలాసార్లు విన్నాను, విన్న ప్రతిసారీ చేతులు వణుకుతున్నాయి.

అక్క అంటోంది: "మేడం, గుండె దడదడ కొట్టుకుంటాంది. ఊపిరి ఆడ్తలేదు. చెమటలు పడ్తున్నయ్."

ఆమె: "అది డీటాక్స్ అక్కా. కొవ్వు కరిగేటప్పుడు గట్లనే ఉంటది. దవాఖానకు మాత్రం పోకు. పోతే మళ్ల అవే గోలీలు రాస్తరు, తగ్గిందంత వాపస్ వస్తది. గోరువెచ్చని నీళ్లు తాగి పండుకో."

అక్క: "ఛాతీల గూడ పట్టేసినట్టున్నది మేడం."

కాసేపు అటు నుంచి మాట లేదు. తర్వాత: "గ్యాస్ అక్కా అది. పొద్దుగాల సెంటర్‌కు రా. ఎట్లాగూ డబ్బా అయిపోవచ్చింది గద, ఇంకోటి తీసుకుపోదువు."

స్టెంట్ ఉన్న మనిషి ఛాతీ పట్టేసిందని చెప్తుంటే ఆమెకు గుర్తొచ్చింది డబ్బా. అక్క ఆమెను సొంత చెల్లెలిలా చూసుకుంది. బతుకమ్మకు చీర పెట్టింది, తన ఈసీజీ కాగితాలన్నీ ఆమెకు చూపించింది. స్టెంట్ సంగతి తెలియక అన్న మాట కాదది, అన్నీ తెలిసే అంది.

పక్కింటి పిల్లాడు చూసి నాకు ఫోన్ చేయబట్టి సరిపోయింది. దవాఖానకు చేరేసరికి బీపీ 190కి 110 ఉంది. డ్యూటీ డాక్టర్ ముందు అడిగిన ప్రశ్న "గోలీలు ఎప్పుడు ఆపిన్రమ్మా?" అని. గడ్డ కట్టలేదు, అటాక్ రాలేదు. రెండు రోజులు ఉంచుకుని, పాత గోలీలన్నీ మళ్లీ మొదలుపెట్టి పంపించారు.

పైసలు వాపస్ అడగడానికి అక్కను తీసుకునే పోయాను. కౌంటర్‌లో ఉన్న పెద్దమనిషి ముందు, "గోలీలు ఆపమన్నట్టు కాగితం ఉన్నదా సార్?" అన్నాడు. రికార్డింగ్ వినిపించాను. ఇంకో కథ మొదలుపెట్టాడు. ఆమె తమ ఉద్యోగి కాదట, ఇండిపెండెంట్ కోచ్ అట. ఆయన వెనక గోడ మీదే ఆమె ఫొటో, ఈ నెల స్టార్ కోచ్ అని. చేరేటప్పుడు అక్కతో సంతకం పెట్టించుకున్న ఫారం తీసి చూపించాడు. చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో, ఇది ఆహారం మాత్రమే, ఏ రోగాన్నీ నయం చేయదు అని ఉంది. మరి నోటితో చెప్పిందేమిటి, పాంప్లెట్‌లో వేసిందేమిటి? అక్కడ కూర్చున్న పదిమంది వినేలా, "మీ అక్క నోరు కట్టుకోలే సార్, అందరికీ తగ్గింది, ఆమెకే తేడా కొట్టింది" అన్నాడు. దవాఖాన నుంచి వచ్చి ఇంకా సరిగ్గా నిలబడలేకపోతున్న మనిషి ముందు. అక్క ఒక్క మాట కూడా అనలేదు, కొంగు అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది. ఇప్పటికీ తప్పు తనదే అంటోంది. కాదక్కా. బరువు తగ్గాలనుకోవడం తప్పు కాదు, భయపడటం తప్పు కాదు. ఆ భయాన్ని అమ్ముకున్నవాళ్లది తప్పు.

క్యాప్సూల్స్ కవర్‌తో సహా దాచాం, డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఇస్తున్నాం. ఇలా ఊరూపేరూ లేని సన్నబడే క్యాప్సూల్స్‌లో సిబుట్రమిన్ అనే ఆకలి తగ్గించే మందు కలిపి అమ్మడం చాలా దేశాల్లో బయటపడింది. అది బీపీని, గుండె వేగాన్ని పెంచుతుంది. గుండెజబ్బు, షుగర్ ఉన్న దాదాపు పదివేల మందిలో చేసిన పరీక్షలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 16 శాతం ఎక్కువ కావడంతో 2010లో అమెరికా, యూరప్ మార్కెట్ల నుంచి తీసేశారు. మన దేశంలో 2011లో నిషేధించారు.

మీకు చెప్పాల్సింది కొద్దిగానే ఉంది. గోలీ ఆపమని డాక్టర్ కాని ఎవరు చెప్పినా వినకండి, రాసిన డాక్టర్‌నే అడగండి. మిషన్ అంకెల కన్నా బట్టలు కుట్టే టేపు నయం. మన దేశంవాళ్లకు నడుము కొలత ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే షుగర్, గుండె పరీక్షలు చేయించుకోమంటారు. సన్నగా కనిపించేవాళ్లకు కూడా పొట్ట ఉంటే ఇదే లెక్క. ఛాతీ పట్టేసినట్టుంటే 108కి ఫోన్ చేయండి, కోచ్‌కు కాదు. ఊబకాయం, షుగర్, బీపీ, గుండెజబ్బులను మందుతో నయం చేస్తామని ప్రకటన వేయడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారమే నేరం, కాబట్టి అలాంటి పాంప్లెట్ దొరికితే పారేయకుండా ఉంచండి.

ఇదే సెంటర్‌లో పైసలు కట్టినవాళ్లు ఉంటే రసీదులు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ మెసేజ్‌లు తీసి పెట్టుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా కమిషన్‌లో 5 లక్షల లోపు ఫిర్యాదుకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. మేం సోమవారం వేస్తున్నాం. కలిసి వచ్చేవాళ్లు కింద రాయండి, నేనే ఫోన్ చేస్తాను.