పిల్లలకు తొలి ఎలక్ట్రిక్ గిటార్: స్ట్రాటోకాస్టరా, లెస్ పాలా?

టీనేజ్ పిల్లలకు తక్కువ ఖర్చులో ఎలక్ట్రిక్ గిటార్ కొనాలనుకునేవారి ముందుకు తరచుగా రెండు నమూనాలు వస్తాయి. ఒకటి ఫెండర్ 1954లో తెచ్చిన స్ట్రాటోకాస్టర్, రెండవది గిబ్సన్ 1952లో తెచ్చిన లెస్ పాల్. వీటి చవక రూపాలను ఆ సంస్థలే స్క్వయర్, ఎపిఫోన్ పేర్లతో అమ్ముతున్నాయి.

స్ట్రాటోకాస్టర్‌లో సాధారణంగా మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే, ఒకే చుట్ట గల పరికరాలు), వాటిని ఎంచుకునే ఐదు స్థానాల స్విచ్ ఉండడం వల్ల, ఏ సంగీతం వైపు మొగ్గాలో ఇంకా తేల్చుకోని విద్యార్థికి ఒకే వాద్యంలో రకరకాల స్వరచ్ఛాయలు అందుతాయి. అయితే డిస్టార్షన్ (ధ్వనిని కావాలని గరగరలాడించే ప్రభావం) పెంచిన కొద్దీ ఆ పికప్‌ల గుయ్‌మనే రొద కూడా పెరుగుతుంది. లెస్ పాల్‌లోని హంబకర్లు (రెండు చుట్టల పికప్‌లు) ఆ రొదను అణచివేసి, మందమైన, నిండైన ధ్వనినిస్తాయి కాబట్టి హార్డ్ రాక్, మెటల్ ఇష్టపడేవారికి అదే తగినది.

చేతికి తెలిసే తేడా మరింత ముఖ్యమైనది. స్ట్రాటోకాస్టర్ స్కేల్ పొడవు (తీగలో మోగే భాగం పొడవు) 25.5 అంగుళాలు, లెస్ పాల్‌ది సుమారు 24.75 అంగుళాలు, ఈ కొద్దిపాటి తగ్గుదల వల్ల, ఒకే మందం గల తీగలు వేసినప్పుడు, లెస్ పాల్ తీగలు కాస్త వదులుగా ఉండి లేత వేళ్లకు సులువుగా లొంగుతాయి. కానీ దాని శరీరం తరచుగా బరువైనది, అంచులు ఒంటికి ఒదిగేలా చెక్కినవి కావు. గంటల తరబడి సాధన చేయవలసిన వయసులో తేలికైన, ఒంటికి అమరే గిటార్‌కే, అంటే స్ట్రాటోకాస్టర్‌కే, నేను మొగ్గు చూపుతాను. స్ట్రాటోకాస్టర్ ఎంచుకుంటే, కదిలే బ్రిడ్జి (శరీరం మీద తీగలు ఆనే భాగం) శ్రుతిని చెదరగొట్టకుండా మొదట్లో దాన్ని బిగించి ఉంచడం మంచిది.