చీపురు పట్టిన నాచు, గొడ్డలి తప్పిన అడవి

కియోటోలో సైహోజీ అనే నాచు తోట గుడికి ముందుగా బుక్ చేసుకోకుండా వెళ్తే గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తారు. మనిషికి 4,000 యెన్లు. ఐదారు వందలతో మిగతా గుళ్లు చూసొచ్చిన మాకు ప్రాణం చివుక్కుమంది. డబ్బు కట్టినా నేరుగా తోటలోకి వదల్లేదు. బల్ల ముందు కూర్చోబెట్టి బ్రష్షుతో బౌద్ధ సూత్రం దిద్దించారు. పలక మీద అఆలు దిద్దిన రోజుల తర్వాత ఒక్కో గీతకి అంత భయపడటం అప్పుడే.

లోపల దాదాపు 120 రకాల నాచు. ఒకాయన వెదురు చీపురు ఆనీ ఆననట్టు ఆడిస్తూ రాలిన ఆకుల్ని మాత్రం లాగుతున్నాడు. ఇంత ముద్దుగా పెంచే ఈ నాచు అసలు తోట వేసినవాళ్ల ఆలోచనే కాదు. 1339లో ముసో సోసెకి అనే జెన్ బౌద్ధ సన్యాసి గుడిని బాగుచేయించి తోట తీర్చినప్పుడు ఇది లేదు. తర్వాత గుడికి గడ్డురోజులొచ్చి, చూసే నాథుడు లేక, తడి నేలంతా నాచు పట్టేసింది. ఆలనాపాలనా లేక పుట్టినదానికి ఇప్పుడు ఎంత కాపలానో!

బస కమికత్సురా స్టేషన్ దగ్గర. గది అగ్గిపెట్టె, శుభ్రం మాత్రం అద్దం. గుడికి నడిచే వెళ్లాం.

అక్కడి నుంచి రైల్లో కాగోషిమా, స్పీడు బోటులో యకుషిమా దీవి. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే బోట్లు ఆపేస్తారు, ఒకరోజు చేతిలో ఉంచుకోండి. మాకు ఆ రోజు అలాగే ఖర్చయింది. దిగిన మిన్షుకులో (ఇంటివాళ్లే నడిపే చిన్న బసలో) మేం చేప తినం అని ముందే చెప్పాం. పొద్దున మిసో సూప్‌లో చేప ముక్క లేదు, నిజమే. రసం మాత్రం చేపదే! ఆ పెద్దావిడ మంచితనం చూసి నోరు మెదపలేదు. రాత్రే చెబితే తెల్లారకముందే బెంతో (కట్టిచ్చే భోజనం) డబ్బా చేతికొస్తుంది, ఆ సేవకి వంక లేదు.

జోమోన్ సుగి అనే మహా పాత సుగి (జపాను దేవదారు) చెట్టు చూడాలంటే రానూపోనూ 22 కిలోమీటర్లు, పది గంటల నడక. అందులో చాలా భాగం కలప మోయడానికి 1923లో మొదలైన రైలు పట్టాల మీదే. ఇక్కడే నాకు 'అడవి' అన్న మాట తడబడింది. ఎడో కాలంలో (17-19 శతాబ్దాల్లో) దీవి జనం పన్ను కింద ఇంటికప్పు చెక్కపలకలు ఇచ్చేవారు. నిటారుగా, సాఫీగా చీలే చెట్లన్నీ అలా పోయాయి. వంకరపోయి, బొడిపెలు కట్టినవి పనికిరావని మిగిలాయి. మనం దణ్ణం పెట్టే వేల ఏళ్ల మానుల్లో చాలావాటిది ఆ కథే.

ఇంతా చేసి, జోమోన్ సుగిని వేర్లు తొక్కకుండా కట్టిన మెట్ల వేదిక మీంచి పావుగంట చూశాం. మోకాళ్లు సహకరించనివాళ్లకి, అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లకి నా ఓటు ఇదే దీవిలోని షిరతాని ఉన్సుయిక్యో అనే అడవి లోయకే. 500 యెన్లు, రెండు మూడు గంటలు చాలు. చవక రెయిన్‌కోటు మాత్రం వద్దు, నేను బనీను దాకా తడిశాను.

అక్కడ ఎప్పుడో నరికిన మోడు మీద నాచు, ఆ నాచులో మొలిచి మానైన మరో సుగి. రాలిన ఆకులు రాలిన చోటే కుళ్లుతున్నాయి, ఊడ్చేవాళ్లు లేరు. ఆ చెట్టు కింద కూర్చుండిపోయి బస్సు అందుకోలేకపోయాం. తర్వాతిది వచ్చేసరికి చీకటి పడింది.