మూడేళ్లలో ఎనిమిదిన్నర స్కెచ్‌బుక్కులు: కుట్టు బైండింగ్ పుస్తకంతో నా అనుభవం

ఇలస్ట్రేషన్ చదువుతున్నాను. మూడేళ్లుగా ఒకే రకం స్కెచ్‌బుక్ వాడుతున్నాను: ఏ5 సైజు, గట్టి అట్ట, దారంతో కుట్టిన బైండింగ్, 160 జీఎస్ఎం కాగితం, 112 పేజీలు. ఎనిమిది పుస్తకాలు నిండాయి, తొమ్మిదోది సగంలో ఉంది. ఈ కొలతలతో చాలా కంపెనీలు పుస్తకాలు చేస్తాయి, నేను కూడా మధ్యలో ఒకటి రెండు మార్చాను. కాబట్టి ఏదో ఒక కంపెనీ గురించి కాకుండా, ఈ రకం పుస్తకం ఒక స్టూడెంట్‌కి ఎంతవరకు పనికొస్తుందో రాస్తున్నాను.

అంతకుముందు ఏడాది నా దగ్గర ఏ4 స్పైరల్ ప్యాడ్ ఉండేది. స్పైరల్‌లో పేజీ చింపడం చాలా సులువు. బొమ్మ కాస్త వంకర పోతే చాలు, లాగేసేదాన్ని. సెమిస్టర్ చివర రివ్యూకి తీసుకెళ్లే సమయానికి 60 షీట్ల ప్యాడ్‌లో 22 మిగిలాయి. మా మేడమ్ అన్నీ తిప్పి చూశారు. "బొమ్మలు బాగానే ఉన్నాయి. కానీ నువ్వు ఎలా ఆలోచించావో ఇందులో ఎక్కడా కనపడటం లేదమ్మా" అన్నారు. మార్కులు తగ్గినందుకు కాదు, ఆ మాట నిజమైనందుకు చాలా బాధపడ్డాను. చింపేసిన 38 పేజీల్లో ఏముందో అప్పటికే నాకు గుర్తు లేదు.

కుట్టు బైండింగ్‌కి మారింది అందుకే. ఈ పుస్తకాల్లో నాలుగు కాగితాలను మధ్యకు మడిచి ఒక కట్టగా చేస్తారు. అంటే 8 ఆకులు, 16 పేజీలు. ఇలాంటి ఏడు కట్టలను వరసగా దారంతో కుడితే 112 పేజీలు. మడతకి ఇటు ఉన్న ఆకూ అటు ఉన్న ఆకూ ఒకే కాగితం. ఒకటి చింపితే దాని జంట వదులై, కొన్నాళ్లకి ఊడి చేతికొస్తుంది. మొదటి పుస్తకంలో ఒకసారి కోపంలో చింపాను. రెండు వారాల తర్వాత ఎంతో ఇష్టంగా గీసుకున్న ఒక చెట్టు బొమ్మ ఊడొచ్చింది. ఆ తర్వాత ఇప్పటివరకు ఒక్క ఆకు కూడా చింపలేదు.

ఇక కాగితం సంగతి. 160 జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం 160 గ్రాములు తూగుతుందని. మామూలు జిరాక్స్ కాగితం 70 నుంచి 80 మధ్య ఉంటుంది, వాటర్ కలర్ కాగితం సాధారణంగా 300. మన పుస్తకం ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. పెన్సిల్, ఫైన్‌లైనర్, బ్రష్ పెన్, ఇంక్ పెన్ అన్నీ హాయిగా నడుస్తాయి, వెనక పేజీ పాడవదు. ఆల్కహాల్ మార్కర్ మాత్రం వాడకండి, అవతలి పేజీకి పూర్తిగా దిగిపోతుంది. పెన్సిల్‌లో హెచ్‌బీ, 2బీ ఈ కాగితపు గరుకుకి సరిగ్గా సరిపోతాయి. వీటికంటే మెత్తగా, నల్లగా గీసే 6బీతో గీస్తే ఎదురు పేజీకి అంటుకుంటుంది. పుస్తకం బ్యాగులో రోజంతా కదులుతూ ఉంటుంది కదా, వారం తిరిగేసరికి రెండు పేజీలూ బూడిద రంగులోకి వెళ్తాయి. పెన్సిల్ పొడి చెదరకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ స్ప్రే కొడితే కొంత ఆగుతుంది, అది కూడా కిటికీలు తెరిచి కొట్టాలి. నేనైతే ముదురు టోన్ కావాలంటే ఇంక్ వైపే వెళ్తాను.

రంగు విషయంలో ఒక పల్చటి వాష్‌ని, అంటే నీళ్లు ఎక్కువ కలిపిన రంగు పూతని, తట్టుకుంటుంది. రెండోది వేస్తే కాగితం అలలు తేలుతుంది. నీళ్లు పీల్చిన చోట పోగులు ఉబ్బుతాయి, పక్కన పొడిగా ఉన్న చోట ఉబ్బవు, అందుకే ఆ వంపు. బాగా ఆరాక వెనకవైపు కొంచెం తడి చేసి, మధ్యలో తెల్ల కాగితం పెట్టి, రాత్రంతా బరువు కింద ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది. వాటర్ కలరే మీ ప్రధాన మాధ్యమం అయితే మాత్రం ఈ పుస్తకం కొనొద్దు. అలవాటైపోతుందిలే అని నచ్చజెప్పుకుని ఆర్నెల్లు ఇబ్బందిపడ్డాను, అలవాటు కాలేదు.

నాలుగో పుస్తకం నన్ను బాగా టెన్షన్ పెట్టింది. అట్ట అదే, కొలతలు అవే. కానీ ఇంక్ గీత వేయగానే అంచుల్లో వెంట్రుకల్లా పాకేది. కాగితం ఇంకును ఒక్కసారిగా పీల్చేయకుండా తయారీలోనే జిగురులాంటి పదార్థం వాడతారు, దాన్ని సైజింగ్ అంటారు. ఆ పుస్తకంలో అది సరిగ్గా పడలేదనుకుంటున్నాను. ఆ పుస్తకమంతా పెన్సిల్‌తోనే నింపాను. అప్పటినుంచి కొత్త పుస్తకం రాగానే చివరి పేజీలో నేను వాడే ప్రతి పెన్నుతో ఒక గీత గీసి, మీద తడి బ్రష్ లాగి చూస్తాను. ఏ ఇంక్ చెదురుతుంది, ఏది నిలబడుతుంది అన్నది ఆ ఒక్క పేజీ చెప్పేస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇలస్ట్రేషన్ ఐడియాలు తయారుచేసుకోవడంలో ఈ పుస్తకం ఎంత పనికొచ్చిందో ఒక అసైన్‌మెంట్ ద్వారా చెబితే బాగా అర్థమవుతుంది.

పోయినేడాది ఇచ్చిన అంశం "ఎదురుచూపు". ఏ3 సైజులో అడ్డంగా ఒక బొమ్మ, పది రోజుల గడువు. నేను ఎప్పుడూ థంబ్‌నెయిల్స్‌తోనే, అంటే ఐడియాని చూసుకునే చిన్న చిన్న నమూనా బొమ్మలతోనే, మొదలుపెడతాను. 5 సెంటీమీటర్ల వెడల్పు, 3.5 సెంటీమీటర్ల ఎత్తు గళ్లు. ఏ3, ఏ4, ఏ5 లాంటి సైజులన్నిటికీ పొడవు వెడల్పుల నిష్పత్తి దాదాపు 1.41 కాబట్టి, ఈ చిన్న గడిలో కుదిరిన కంపోజిషన్ (బొమ్మలోని వాటి అమరిక) ఏ3లో కూడా కుదురుతుంది. నిష్పత్తి చూసుకోకుండా చేతికొచ్చినట్టు డబ్బాలు గీసేవాళ్లని మా క్లాసులో చాలామందిని చూశాను. తర్వాత పెద్ద కాగితం మీద ఒక పక్క ఖాళీ మిగిలిపోయి, అక్కడ ఏదో ఒకటి అతికించాల్సి వస్తుంది.

మొదటి పేజీలో వచ్చినవి: గోడ గడియారం, కిటికీ దగ్గర అమ్మాయి, బస్టాప్ బెంచీ, వెలుగుతున్న ఫోన్. ఎదురుచూపు అనగానే ఎవరికైనా తట్టేవే ఇవి. వీటిని ముందు కాగితం మీద పెట్టేయడం మంచిదని నా నమ్మకం. గీసేదాకా అవి బుర్రలోనే తిరుగుతూ ఇంకోదాన్ని రానివ్వవు. రెండో పేజీలో అవే వస్తువులను పైనుంచి, కిందనుంచి, చాలా దగ్గరనుంచి వేసి చూశాను. గడియారం గడియారంలాగే ఉంది. మూడో పేజీలో రెండు గళ్లు నింపి ఆగిపోయాను.

ఆ రాత్రి పాత పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. ఐదో పుస్తకం 41వ పేజీలో పాదాలు కనిపించాయి. నాలుగు నెలల కిందట ఒక ఆస్పత్రి వరండాలో మా పిన్నితో పాటు కూర్చుని గీసినవి. ముఖాలు గీస్తే ఎదుటివాళ్లు గమనించి ఇబ్బందిపడతారని కుర్చీల కింది భాగం మాత్రమే గీశాను. ఒకాయన మడమ బూటులోంచి బయటికొచ్చి ఉంది. ఒకామె చీలమండలు మెలేసి కూర్చుంది. ఒక కుర్రాడి కాలు అదేపనిగా ఊగుతుంటే, దాని మీదే నాలుగు గీతలు పడ్డాయి. చివర్లో ఒక చిన్నపాప కాళ్లు. నేలకి అందక గాల్లో వేలాడుతున్నాయి. బొమ్మగా చూస్తే ఆ పేజీ ఏమీ బాగాలేదు. బూటు నిష్పత్తి పూర్తిగా తప్పింది, కుర్చీ కాళ్లు ఒక్కొక్కటి ఒక్కో ఎత్తులో ఉన్నాయి. స్పైరల్ ప్యాడ్ అయితే ఆ రోజే చెత్తబుట్టలో ఉండేది. కుట్టు పుస్తకం కాబట్టి మిగిలింది.

మర్నాడు ఆ ఒక్క పేజీ నుంచి పదకొండు థంబ్‌నెయిల్స్ వచ్చాయి. కుర్చీల వరుసను కూర్చునే అంచు దగ్గర కోసేసి, కింది సగం మాత్రమే ఉంచాను. పాపని మొదట మధ్యలో పెట్టాను. అలా పెడితే చూపు నేరుగా అక్కడికి వెళ్లి ఆగిపోతోంది, మిగతా కాళ్లని ఎవరూ చూడరు. కుడి చివరికి జరిపాను. ఇప్పుడు ఎడమనుంచి మడమ, మెలిక, ఊగే కాలు అన్నీ దాటుకుంటూ వెళ్లాక పాప కనిపిస్తుంది. తర్వాత ఎక్కడ వెలుగు, ఎక్కడ చీకటి అని చూసుకునే వాల్యూ స్టడీ మూడే టోన్లతో వేశాను. నేల తెలుపు, కాళ్లు మధ్యస్థం, కుర్చీల కింద నలుపు. పాప కాళ్ల కింద మాత్రం నలుపు తీసేశాను. ఆ పాదాలకీ నేలకీ మధ్య ఖాళీ థంబ్‌నెయిల్‌లో 4 మిల్లీమీటర్లు. ఏ3లోకి వెళ్తే 3 సెంటీమీటర్ల పైమాటే. బొమ్మ మొత్తం ఆ ఖాళీ మీదే నిలబడింది. ఎదురుచూపుని గడియారంకన్నా అదే ఎక్కువగా చెప్పిందని ఇప్పటికీ అనుకుంటాను.

ఇదంతా జరగడానికి పేజీలు వరుసగా, తేదీలతో ఉండటం ముఖ్యం. చిత్రకారుడు పికాసో గెర్నికా అనే తన పెద్ద చిత్రం కోసం దాదాపు 45 సన్నాహక చిత్రాలు వేశాడు. వాటి మీద తేదీలు వేయడం వల్లే ఏది ముందు వచ్చిందో, ఏది తర్వాత మారిందో మనం చూడగలుగుతున్నాం. 1937 మే 1న గీసిన తొలి స్కెచ్‌లలోనే ఎద్దు, గుర్రం, దీపం పట్టుకున్న స్త్రీ ఉన్నారు. చివరి చిత్రంలోనూ ఉన్నారు, కానీ వాళ్ల చోట్లు, భంగిమలు మారుతూ వచ్చాయి. ఆ వరుస చూశాకే నేను ప్రతి పేజీకి మూలన తేదీ వేయడం, పేజీ నంబరు రాయడం మొదలుపెట్టాను. పుస్తకం చివర రెండు పేజీలు ఇండెక్స్‌కి వదిలేస్తాను: "41 పాదాలు, వరండా", "67 గొడుగు మడతలు", ఇలా. ఏదైనా బొమ్మకి వాడుకుంటే పక్కన టిక్కు పెడతాను. పుస్తకం నిండాక ఇండెక్స్ రాయడానికి అరగంట పడుతుంది, అంతే. పాత పేజీ వెతకడానికి మాత్రం ఎనిమిది పుస్తకాలూ తిరగేయక్కర్లేదు.

బైండింగ్ గురించి ఇంకొక్క చిట్కా. రెండు పేజీలూ కలిపి వెడల్పుగా గీయాలంటే దారం కనిపించే చోట గీయండి. అది కట్టకి నడిమి కాగితం, పూర్తిగా చదునుగా పరుచుకుంటుంది. 112 పేజీల పుస్తకంలో అలాంటివి ఏడు దొరుకుతాయి. మిగతా చోట్ల మధ్య మడతలో గీత విరుగుతుంది, స్కాన్ చేసినా అక్కడ నల్లటి నీడ పడుతుంది. స్కాన్ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) చేసుకుంటే ఏ5 బొమ్మని రెట్టింపు చేసి ప్రింట్ తీసినా 300 ఉంటుంది, సరిపోతుంది.

లోపాలు ఉన్నాయి. పేజీ గుర్తుకి ఉండే రిబ్బన్ రెండో నెలకే చివర పీచు లేస్తుంది. పుస్తకాన్ని మూసి ఉంచే ఎలాస్టిక్ ఆరు నెలలకి వదులైపోతుంది. అట్ట మూలలు నలుగుతాయి. బరువు కూడా తక్కువేం కాదు. ఏ5 ఆకు చదరపు మీటరులో ముప్పై రెండో వంతు కాబట్టి ఒక్కో ఆకు 5 గ్రాములు, 56 ఆకులకి కాగితమే 280 గ్రాములు, దానిమీద అట్ట. రోజూ మోసే బ్యాగులో అది తెలుస్తుంది. వీటన్నిటికంటే పెద్ద లోటు సైజుది. మోడల్‌ని చూసి గీసే క్లాసులో ఏ5 పనికిరాదు. అక్కడ చెయ్యి భుజం నుంచి కదలాలి, ఈ పుస్తకంలో మణికట్టు మాత్రమే కదులుతుంది. వరసగా ఆర్నెల్లు ఇందులోనే గీసేసరికి నా గీతలు చిన్నవైపోయాయి, బిగుసుకుపోయాయి. ఇప్పుడు వారానికి రెండు రోజులు ఏ2 న్యూస్‌ప్రింట్ మీద చార్‌కోల్‌తో గీస్తున్నాను. అవి దాచుకోను. స్కెచ్‌బుక్ మాత్రం ఎప్పుడూ బ్యాగులోనే ఉంటుంది.

కొత్త పుస్తకం మొదటి పేజీ అంటే భయపడేవాళ్లకి ఒక మాట. నేను మూడో పేజీ నుంచి మొదలుపెడతాను. మొదటి రెండు పేజీలు పుస్తకం సగమయ్యాక వాటంతటవే నిండుతాయి.

పదో పుస్తకం కూడా ఇదే రకం తీసుకుంటాను. ఈలోగా ఐదో పుస్తకం మళ్లీ బల్ల మీదికి వచ్చింది. 41వ పేజీ వెనకాల, 42లో, అదే వరండాలో అదే రోజు గీసిన ఒక చెయ్యి ఉంది. చీటీ పట్టుకుని, నలిపి, మళ్లీ సాపు చేస్తున్న చెయ్యి. బొటనవేలు సరిగ్గా రాలేదు. ఇండెక్స్‌లో దాని పక్కన ఇంకా టిక్కు పడలేదు.