మానేసిన డైపరు మళ్ళీ వెయ్యాలా, చెడ్డీతోనే కొనసాగాలా: ఏది మేలు?

జూన్‌లో బెంగళూరు ప్లేస్కూళ్ళు తెరవగానే ఈ ప్రశ్న వరసగా వస్తుంది. మూడు నెలలుగా చక్కగా చెప్పి బాత్రూంకి వెళ్తున్న పాప ఉన్నట్టుండి రోజుకు నాలుగుసార్లు తడిపేస్తోంది. బయట వాన, బాల్కనీలో ఆరని చెడ్డీలు, తొమ్మిదింటికి ఆఫీసు కాల్. ఇంక డైపరు వేసేద్దామా అని అడుగుతారు. కొత్త స్కూలు, ఇల్లు మారడం, ఇంట్లో ఇంకో పసిబిడ్డ, జ్వరం వచ్చి తగ్గడం, వీటిలో ఏదైనా చాలు నేర్చుకున్నది వెనక్కి పోవడానికి.

నా మొగ్గు పగలు చెడ్డీ, రాత్రి డైపరు వైపే. కానీ అంతకంటే ముందు చూడాల్సింది వేరే ఉంది: పిల్లకు విరేచనం మెత్తగా అవుతోందా? అది గట్టిగా ఉన్నంతకాలం ఏది వేసినా పెద్దగా తేడా ఉండదు.

మలం పేరుకుపోతే మలాశయం సాగి, దాని ముందే ఉన్న మూత్రాశయాన్ని నొక్కుతుంది. దాంతో పిల్లకు కొంచెం కొంచెంగా, అదీ చెప్పేలోపే కారిపోతుంది. మనం ఒంటికి సమస్య అనుకుంటాం, మూలమేమో రెంటికి దగ్గర ఉంటుంది. వారానికి మూడుసార్ల కంటే తక్కువ అవడం, మేక పెంటికల్లా రావడం, లేదా కమోడ్ మూసుకుపోయేంత లావుగా రావడం గుర్తులు. రోజూ అయినా గట్టిగా, నొప్పితో అవుతుంటే అదీ మలబద్ధకమే. చెడ్డీకి పల్చగా మరకలు అంటుతుంటే విరేచనాలు అనుకుని పొరబడతారు. చాలాసార్లు గట్టిపడ్డ మలం పక్కనుంచి జారి వచ్చేదే అది.

పిల్లను గమనించండి. కర్టెన్ వెనక్కో సోఫా చాటుకో వెళ్ళి, మునివేళ్ళ మీద నిలబడి, కాళ్ళు బిగించి, ముఖం ఎర్రగా చేసుకుంటుంది. పాపం ముక్కుతోంది అనుకుంటాం. నిజానికి రాకుండా ఆపుకుంటోంది. ఒకసారి నొప్పి పుట్టింది కాబట్టి ఆపుకుంటుంది, ఆపుకున్నకొద్దీ ఇంకా గట్టిపడుతుంది, మళ్ళీ నొప్పి.

ఇక్కడే తమలపాకు కాడకు ఆముదం రాసి పెట్టడం, సబ్బు ముక్క పెట్టడం మొదలవుతుంది. వద్దు. ఆ రోజుకు అవుతుందేమో గానీ ఆ చోటంటే పిల్లకు ఉన్న భయం రెట్టింపవుతుంది. పాలు రోజుకు 400–500 మిల్లీలీటర్లు దాటనివ్వకండి. పాలతో కడుపు నింపుకున్న పిల్ల అన్నం, కూర తినదు. బొప్పాయి, గింజలు తీసిన జామ, నానబెట్టి మెదిపిన ఎండుద్రాక్ష, తోటకూర పప్పు రోజూ ఏదో ఒకటి పడాలి. డిసెంబరు చలిలో పిల్లలు నీళ్ళు అడగరు, మనమే గుర్తుపెట్టుకుని ఇవ్వాలి. అప్పటికీ మెత్తబడకపోతే పిల్లల డాక్టరు లాక్టులోజ్ లాంటి మందు రాస్తారు. వారంలో బాగైంది కదా అని సొంతంగా ఆపేయడం చాలామంది చేసే తప్పు. సాగిన మలాశయం మామూలుకు రావడానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది.

ఇంకోటి, కాళ్ళ కింద పీట. అపార్ట్‌మెంట్ కమోడ్ మీద కాళ్ళు వేలాడుతూ కూర్చున్న పిల్లకు కింది కండరాలు సడలవు. సీటు ఎత్తు నేల నుంచి కొలవండి. పిల్ల మడమ నుంచి మోకాలి వెనక వరకు కొలిచి అందులోంచి తీసేయండి. వచ్చినదానికి రెండు మూడు సెంటీమీటర్లు కలిపితే పీట ఎత్తు. మోకాళ్ళు తుంటి కంటే కాస్త పైకి ఉండాలి. ఈ పీట లేకుండా కొన్న బొమ్మల సీటు సగం పనే చేస్తుంది. చలికాలం జెట్ స్ప్రే చన్నీళ్ళకు జడిసి కమోడే వద్దనే పిల్లలున్నారు, మగ్గుతో గోరువెచ్చటి నీళ్ళు వాడండి. ఫ్లష్ పిల్ల బయటికి వచ్చాకే నొక్కండి.

సరే, చెడ్డీయా డైపరా. డైపరులోని జెల్ తడిని క్షణాల్లో పీల్చేస్తుంది, తడిసిన సంగతి పిల్లకు తెలియదు. తెలియనిదాన్ని చెప్పమంటే ఎలా చెబుతుంది? చెడ్డీలో తొడల మీదుగా కారుతుంది, చల్లగా తగులుతుంది, తనకే తెలుస్తుంది. ప్యాంటులా తొడిగే డైపరులోనూ ఉన్నది అదే జెల్ కాబట్టి దానికి మారినా లాభం లేదు. మెత్త ఉన్న కాటన్ ట్రైనింగ్ చెడ్డీలు మధ్యేమార్గం, కానీ వానాకాలం ఆరడానికి రెండ్రోజులు పట్టొచ్చు. మామూలు పల్చటి చెడ్డీలు పది పన్నెండు ఉంచుకోవడం నయం.

చెడ్డీతో కొనసాగితే "వస్తోందా?" అని అడక్కండి, జవాబు ఎప్పుడూ "లేదు". "పద, బాత్రూం టైమైంది" అనండి. లేవగానే, బయల్దేరేముందు, మధ్యలో రెండు గంటలకోసారి చాలు. అరగంటకోసారి లాక్కెళితే మొండికేస్తుంది. టిఫినయ్యాక, రాత్రి భోజనమయ్యాక ఇరవై ముప్పై నిమిషాల్లోపు పీట మీద కాళ్ళు పెట్టించి మూడు నుంచి ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి, తిన్న వెంటనే పేగు దానంతటదే కదులుతుంది. తడిపితే "తడిసింది, మార్చుకుందాం" అనాలి, అంతే. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళు అలవాటుగా ఛీ అంటారు. ముందే చెప్పుకోవడం మంచిది: "అత్తయ్యా, ఈ రెండు వారాలు మాత్రం దాన్ని ఏమీ అనకుండా చూద్దామండీ, భయపడితే దాక్కుని వెళ్తుంది."

డైపరుకు వెనక్కి వెళ్ళడమే సరైన సందర్భమూ ఉంది. బాత్రూం చూస్తేనే ఏడ్చి బిగుసుకుపోతున్నా, రెంటికి పూర్తిగా ఆపేసుకున్నా, పంతం వదిలి నెల, నెలన్నర ఆగండి. ఒంటికి బాగానే వెళ్ళి, రెంటికి మాత్రం డైపరు వెయ్యమని అడిగే పిల్లకు వెయ్యండి. అవడం ముఖ్యం. కొన్నాళ్ళు డైపరుతోనే బాత్రూంలో నిలబడి కానిమ్మనండి, ఆ తర్వాత డైపరుతోనే కమోడ్ మీద కూర్చుని, చివరికి డైపరు అడుగున కంత చేసి. కోసిన అంచులకు టేపు అతికించకపోతే జెల్ గుళికలు రాలతాయి.

రాత్రి సంగతి వేరు. రాత్రి పొడిగా ఉండడం నేర్పితే వచ్చేది కాదు, శరీరం ఎదగాలి. ఐదేళ్ళ లోపు పక్క తడపడాన్ని వైద్యులు జబ్బుగా చూడరు. విజయవాడ రైలుకు డైపరు వేసినా ఏం కాదు.

బాత్రూంకి వెళ్తే ఇస్తామనే స్టిక్కర్లు, చాక్లెట్లు ఓ వారమే పనిచేస్తాయి.

జ్వరం, మంట, మూత్రం దుర్వాసన ఉంటే మూత్ర పరీక్ష చేయించండి. విపరీతమైన దాహం, ఎక్కువ మూత్రం, బరువు తగ్గడం కలిసి కనిపిస్తే అదే రోజు వెళ్ళి షుగరు చూపించండి. మలంలో రక్తం పడినా, నడక తేడాగా ఉన్నా ఆలస్యం చేయకండి.

స్కూలు బ్యాగులో మూడు జతల బట్టలతోపాటు ఒక చీటీ పెట్టండి, పిల్ల ఏ మాట వాడుతుందో రాసి. "ఉచ్చ" అంటే కన్నడ "ఉచ్చె"కు దగ్గరే కాబట్టి ఆయమ్మకు అర్థమవుతుంది. "రెంటికి" అంటే ఆమెకు తెలియదు, పాప రెండుసార్లు చెప్పి ఊరుకుంటుంది.